మూసుకోని గొడుగు

వంటింటి బల్ల దగ్గర నుంచి

ఎర్రసిరా వదినకి,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని ముక్కున వేలేసుకుంటావని తెలుసు. మా ఫోన్ పాడైంది. పైగా ఫోన్‌లో నేను ఒక మాట అనేలోపు నువ్వు దాన్ని సరిదిద్దేస్తావు. కాగితం మీదైతే చివరిదాకా చెప్పుకోవచ్చు.

సంగతేమిటంటే, నేను బడి మానేశాను. కంగారు పడకు, ఎవరితోనూ గొడవ కాలేదు. ఊరికే విసుగొచ్చింది. ఇన్నేళ్ళు రెండో తరగతికి చెప్పీ చెప్పీ నేనే రెండో తరగతి దాటలేదనిపించింది. ఇంట్లో కూర్చుని చిన్నపిల్లల పుస్తకాలకి కథలు, పాఠాలు రాసిచ్చే పని చేద్దామనుకుంటున్నాను. మా బడికి వచ్చే వాచకాల్లో కథలు చదివి ఎన్నిసార్లు తల పట్టుకున్నానో నీకు తెలుసు. అవి అచ్చయినప్పుడు నావి ఎందుకు అచ్చవవు?

అడగందే అమ్మైనా పెట్టదంటారు, అందుకే అడుగుతున్నాను. ఇందులో మూడు కథలు పెట్టాను. మీ ఆఫీసులో పెద్దాయన బల్ల మీద వీటిని పెట్టి, "మా ఆడపడుచు రాసింది" అని ఒక్క మాట చెప్పు చాలు. పిల్లల పుస్తకాలు దిద్దడంలో నీ మాటంటే అక్కడ వేదమని అన్నయ్య ఎప్పుడూ గొప్పలు చెబుతుంటాడు. ఆడపడుచు అర్ధమొగుడని సామెత ఉండనే ఉంది, కాబట్టి దీన్ని సగం ఆజ్ఞ అనుకో.

అన్నయ్యని అడిగినట్టు చెప్పు.

నీ పంతులమ్మ


పిల్లల పాఠ్యపుస్తకాల విభాగం, మూడో అంతస్తు

పంతులమ్మకి,

నీ సగం ఆజ్ఞ అందింది. మిగతా సగం మీ అన్నయ్య దగ్గరుంది. ఆయన మాటే నేను వినను, ఇక నీ మాటేం వింటాను?

నేను చెప్పను. మూతి ముడుచుకునే ముందు కారణం విను. నా ఆడపడుచువని చెబితే మర్యాదకి ఒక కథ వేసుకుంటారు, మర్యాదగానే మళ్ళీ పిలవరు. ఇలా వచ్చి అలా పోయినవాళ్ళని చాలామందిని చూశాను. అందులో ఒకావిడ మా పెద్దాయన సొంత అక్కగారు.

పని దొరికే దారి మాత్రం చెబుతాను. పుస్తకాల కొట్టుకి వెళ్ళు. పిల్లల అర దగ్గర నిలబడి పుస్తకాలు తిరగేయి. కథ కాదు, ముందు లోపలి పేజీలో సన్నటి అక్షరాలు చదువు. ఏ సంస్థ, ఏ వయసు పిల్లలకి, ఏ వరస పుస్తకాలు, ఎవరు చూసుకుంటున్నారు, అన్నీ అక్కడే ఉంటాయి. నీకు నచ్చిన వాళ్ళకి ఒక్క పేజీ ఉత్తరం రాయి. "పిల్లలంటే నాకు ప్రాణం" అని మాత్రం రాయకు, అందరూ అదే రాస్తారు. ఏడేళ్ళ పిల్ల ఏ మాట దగ్గర తడబడుతుందో నీకు తెలుసు, అది రాయి. ఒకే కథని నలుగురికీ పంచిపెట్టకు. ఒకరికి లెక్కలు వచ్చే కథలు కావాలి, ఒకరికి చెట్లూ పురుగులూ కావాలి. వాళ్ళకేం కావాలో చూసుకుని నమూనా పంపు.

ఇంకో సంగతి. ఈ పనిలో రాసినవాళ్ళ పేరు పుస్తకం మీద ఉండదు. ఒకసారి డబ్బిచ్చి కొనేసుకుంటారు, అట్ట మీద సంస్థ పేరే ఉంటుంది. తరవాత ఏడవకుండా ఇప్పుడే ఆలోచించుకో.

ఇక నీ కథలు. కాకిపిల్ల కాకికి ముద్దు, కాబట్టి నీకు ముద్దుగానే ఉంటాయి. ఏనుగు కథ మూడో పేజీలో "అందరూ సర్దుకుని కూర్చోండి" అని ఉంది. ఎవరితో అంటున్నావు? ఏనుగులతోనా?

మీ ఫోన్ పాడైందన్నావు కదా. మీ అన్నయ్య నిన్న చేస్తే మీ ఆయన తీశారు. నువ్వు స్నానం చేస్తున్నావన్నారు.

వదిన


వంటింటి బల్ల దగ్గర నుంచి

వదినా,

ఫోన్ బాగుచేయించాం.

కొట్టుకి వెళ్ళాను. పుస్తకాలన్నీ తిరగేసి సన్నటి అక్షరాలు రాసుకుంటుంటే కొట్టాయన వచ్చి, "కొంటారా, కాపీ కొడతారా?" అన్నాడు. జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకున్నాను. పొగరనుకుని ఉంటాడు. చివరికి పిల్లల పుస్తకాలు మూడు కొని బయటపడ్డాను.

నువ్వు చెప్పినట్టే ఎవరికి తగిన ఉత్తరం వాళ్ళకి రాశాను. ఒకరు అచ్చువేసిన చీటీ పంపారు, ప్రస్తుతం అవసరం లేదట, నాకు ఉజ్వల భవిష్యత్తు ఉందట. ఇంకొకరు ఉత్తరం విప్పకుండానే తిప్పి పంపారు. మూడో ఆయన మాత్రం చాలా మర్యాదగా రాశాడు. ఒకటో తరగతి అభ్యాసాల పుస్తకం మొత్తం నమూనాగా రాసి పంపమన్నాడు. నచ్చితే అప్పుడు మాట్లాడుకుందామన్నాడు.

నీ దగ్గర ఒక్క మాట సాయం అడిగితే ఊరి మీద పడి అడుక్కోమన్నావు. సరే. నీ ఆఫీసులో నీ మర్యాద నీకు ముఖ్యం, కాదనను. కానీ నేను నీకు పరాయిదాన్నైతే ఆ ముక్క ముందే చెప్పాల్సింది.

"సర్దుకుని కూర్చోండి" అన్నది పొరపాటున పడింది.

పంతులమ్మ


పిల్లల పాఠ్యపుస్తకాల విభాగం, మూడో అంతస్తు

కోపాల పంతులమ్మకి,

ఆ మర్యాదస్తుడికి పుస్తకం పంపకు. నమూనా అంటే ఒక పేజీ, పోనీ రెండు. పుస్తకం మొత్తం ఊరికే రాయించుకుని "నచ్చలేదండీ" అని, ఆర్నెల్ల తరవాత నాలుగు మాటలు మార్చి అచ్చేసుకునేవాళ్ళు ఈ పనిలో ఉన్నారు. ఈపాటికే పంపేసి ఉంటావని నా అనుమానం. పంపేసి ఉంటే నాకు చెప్పకు, నా రక్తపోటు పెరుగుతుంది.

నువ్వు పరాయిదానివైతే నీకు ఇంత పొడుగు ఉత్తరాలు రాసేదాన్నా? పరాయివాళ్ళకి నేను కూడా అచ్చువేసిన చీటీలే పంపాను ఇన్నేళ్ళూ.

అది అలా ఉంచు. ఈ నెలలో మీ అన్నయ్య ఎప్పుడు చేసినా నువ్వు స్నానంలోనే ఉన్నావు. పొద్దున స్నానం, మధ్యాహ్నం స్నానం, రాత్రి భోజనాల వేళా స్నానమే. ఇంత శుభ్రమైన మనిషి మా వంశంలో లేదని ఆయన మురిసిపోతున్నారు. నేను మురిసిపోవడం లేదు. కొట్టాయనకి జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకున్నానని రాశావు. నువ్వా? బస్సులో చిల్లర ఇవ్వకపోతే డ్రైవరుకి కూడా వినపడేలా పాఠం చెప్పే నువ్వు, కాపీ కొడతారా అని అడిగితే నవ్వి ఊరుకున్నావా?

ఏం దాస్తున్నావో చెప్పు. మీ ఆయనతో తగాదా అయితే నేనొస్తాను.

వదిన


వెనక గది నుంచి

వదినా,

మా ఆయనతో తగాదా లేదు. పాపం, నా కోసం ఆయన అన్ని అబద్ధాలాడుతున్నాడు.

నా గొంతు పోయింది.

బడిలో ఏడాదిగా బొంగురుగానే ఉండేది. జలుబని సరిపెట్టుకున్నాను. ఒక రోజు పొద్దున్న హాజరు తీసుకుంటుంటే నాలుగో పేరు దగ్గర నోరు కదిలింది గానీ శబ్దం రాలేదు. పిల్లలు నేను ఆట ఆడుతున్నాననుకుని, వాళ్ళు కూడా శబ్దం లేకుండా నోళ్ళు కదిపారు. తరగతి తరగతంతా మూగనోళ్ళు కదుపుతూ నవ్వుతుంటే నేను కూడా నవ్వాను. ఆ తరవాత నీళ్ళ గది దగ్గరికి వెళ్ళి ఏడ్చాను.

గొంతులో కాయలు కాశాయన్నారు. కోసి తీశారు. కొన్నాళ్ళు గుసగుస కూడా వద్దన్నారు. ఇప్పుడు పక్కనున్నవాళ్ళకి వినపడేంత మాట వస్తోంది, తలుపు సందులో గాలిలా ఉంటుంది. తరగతికి చెప్పే గొంతు మాత్రం ఇక రాదన్నారు. ఆ మాట డాక్టరు చాలా నెమ్మదిగా చెప్పాడు, నేను తట్టుకోలేనని కాబోలు. తట్టుకోలేదు కూడా.

అన్నయ్యకి చెబితే పరిగెత్తుకొస్తాడు. వచ్చి "మాట్లాడమ్మా, మాట్లాడమ్మా" అని నా ఎదురుగా కూర్చుంటాడు. నీకు చెబితే నువ్వు జాలిపడి నా కథల్లో తప్పులు చూపించడం మానేస్తావు. అందుకే దాచాను.

ఈ పని ఎందుకంత పట్టుదలగా అడిగానో ఇప్పుడు తెలిసింది కదా. ఇంట్లో తిండికి లోటు లేదు, మా ఆయన జీతం సరిపోతుంది. కానీ వదినా, నేను కథ చెబితే వినే పిల్లలు లేకపోతే నేనెవరిని? పొద్దున లేచి తయారై ఎటూ వెళ్ళకుండా కూర్చుంటే నాకే నేను పనికిరానిదాన్ననిపిస్తోంది. ఎక్కడో ఒక పిల్ల నేను చెప్పింది వినాలి. వినకపోతే నేను బతకలేనని కాదు గానీ, ఎలా బతకాలో తెలియడం లేదు.

కొట్టులో కొన్న పుస్తకాల్లో నీలం అట్టల వాళ్ళు ఉన్నారు చూడు, వాళ్ళు జవాబిచ్చారు. రెండో తరగతికి ఆరు చిన్న పుస్తకాలు వేస్తున్నారట. పరీక్షగా ఒక కథ రాయమన్నారు. పదహారు పేజీలు, పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు. అన్నం, పిల్లి లాంటి మాటలు పర్వాలేదట, రెండు వేరు హల్లులు కలిసిన మాటలు వద్దట. అంటే ప్రేమ వద్దు, స్నేహం వద్దు, వర్షం కూడా వద్దు. మిగిలింది వాన, పిల్లి, గొడుగు. ఒకసారి తెరిస్తే మూసుకోని గొడుగు ఒకటి, దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగే పాప ఒకతె. ఆ కథ ఇందులో పెట్టాను. జాలి పడకుండా చదువు.

ఆ మర్యాదస్తుడికి అభ్యాసాల పుస్తకం పంపేశాను. నీ రక్తపోటు పెంచినందుకు క్షమించు.

పంతులమ్మ


పిల్లల పాఠ్యపుస్తకాల విభాగం, మూడో అంతస్తు

నా తల్లీ,

మీ అన్నయ్యకి చెప్పాను. రైలు టికెట్టు కోసం బయల్దేరితే చొక్కా పట్టుకుని ఆపాను. ఉత్తరం రాయమన్నాను. పొద్దుటి నుంచి కాగితం ముందేసుకుని కూర్చుని "చెల్లీ" అని రాశారు, తరవాతి మాట ఇంకా రాలేదు. అదే పంపిస్తాను, ఉంచుకో.

నేను జాలిపడనని నీకు మాట ఇవ్వను. నిన్న రాత్రంతా పడ్డాను. ఇప్పుడు మొహం కడుక్కుని, ఎర్రసిరా కలం పట్టుకుని కూర్చున్నాను.

గొడుగు బాగుంది. గొడుగు పట్టుకున్న పాప బాగుంది. మధ్యలో నువ్వే అడ్డంగా నిలబడ్డావు. "తలుపు చిన్నది. గొడుగు పెద్దది. ఇప్పుడెలా? చెప్పండి చూద్దాం?" అని రాశావు. తరవాత ఖాళీ పేజీ. ఆ ఖాళీలో ఏముందో నాకు తెలుసు. తరగతంతా లేచి నిలబడి అరుస్తుంది, నువ్వు ఒక్కొక్కళ్ళ వంకా చూసి కళ్ళు తిప్పుతావు, వెనక బెంచీవాడు ఏదో పిచ్చి జవాబు చెబుతాడు, అందరూ పడి పడి నవ్వుతారు. అదంతా నీ తరగతిలో ఉంది, కాగితం మీద లేదు. ఏదో ఇంట్లో ఒక పిల్ల ఒక్కతే కూర్చుని ఈ పుస్తకం తెరిస్తే, ఖాళీ పేజీలో దానికి ఖాళీయే కనపడుతుంది.

ఇన్నాళ్ళూ సగం కథ నువ్వు రాసుకుంటే మిగతా సగం నీ గొంతు చెప్పింది. అందుకే నీ కథలన్నీ సగం దగ్గర ఆగిపోతున్నాయి. ఇది జాలి కాదు, దిద్దుబాటు.

ఒక పని చెయ్యి. ఈ కథని వేరేవాళ్ళ చేత చదివించు. బాగా చదివేవాళ్ళు వద్దు, వాళ్ళు నీ తప్పులన్నీ కప్పేస్తారు. మీ ఇంట్లో అందరికన్నా అధ్వానంగా చదివేది ఎవరు? వాళ్ళ చేత చదివించి, నువ్వు పిల్లల వెనకాల కూర్చుని చూడు. కథని కాదు, పిల్లల్ని.

వదిన


వెనక గది నుంచి

వదినా,

అందరికన్నా అధ్వానంగా చదివేది మా ఆయనే. ఇందులో పోటీయే లేదు.

ఆయన ఉద్యోగం నీకు తెలుసు కదా, బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ నిలబడుతుందో చెప్పడం. ఇంట్లో కూడా "భోజనం సిద్ధముగా ఉన్నది" అన్నట్టే మాట్లాడతాడు. పక్కింటి పిల్లల్ని మేడ మెట్ల మీద కూర్చోబెట్టి ఆయన చేతికి కథ ఇచ్చాను. "పాప బస్సు ఎక్కింది. గొడుగు ఎక్కలేదు," అని ప్రయాణికులకి విజ్ఞప్తి చేసినట్టు చదివాడు. పిల్లలు విరగబడి నవ్వారు. నేను ఎగిరి గంతేశాను. కానీ వాళ్ళు నవ్వింది కథకి కాదు, ఆయన గొంతుకి. మర్నాడు సాయంత్రానికి ఆ గొంతు అలవాటైపోయింది, అప్పుడు అసలు రంగు బయటపడింది. ఒకడు మెట్టు మీది పెచ్చులు గీకుతున్నాడు. ఇంకొకతె నా వైపు తిరిగి కూర్చుంది, నేనే కథ చెబుతానని.

మూడు పేజీల దగ్గర మాత్రం అందరూ ఆయన చేతిలో కాగితం వైపు మెడలు చాచారు. బస్సు దగ్గర, మంచం దగ్గర, నీళ్ళు పోసుకునే దగ్గర. ఆ మూడింట్లోనూ నేను పిల్లల్ని ఏమీ అడగలేదు. పాప ఏదో ఒకటి చేస్తోంది, అంతే.

మిగతావన్నీ కొట్టేశాను. "చెప్పండి చూద్దాం" అన్నింటికన్నా చివర కొట్టాను వదినా. ఆ రెండు మాటలతోనే కదా ఇన్నేళ్ళూ బతికాను. కొత్తగా రాసినది మళ్ళీ ఆయన చేత చదివించాను, మళ్ళీ కొట్టాను. ఆయన ఇప్పుడు బస్టాండులో కూడా గొడుగులు మరిచిపోవద్దని చెబుతున్నాడట.

కథ నీలం అట్టల వాళ్ళకి పంపేశాను. నీ నోటి చలవ వల్ల ఏమవుతుందో చూడాలి.

అన్నయ్య "చెల్లీ" అందింది. అద్దం పక్కన అంటించుకున్నాను.

పంతులమ్మ


వంటింటి బల్ల దగ్గర నుంచి (ఆఫీసు చిరునామాకి)

జగత్ప్రసిద్ధ ఎర్రసిరా వదినగారికి,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా ఆఫీసుకి ఎందుకు పంపుతున్నానంటే, నువ్వు దీన్ని పదిమంది మధ్యలో విప్పాలి. మీ పెద్దాయన ముందు పైకి చదువు.

ఒప్పుకున్నారు! ఆరు పుస్తకాలూ నన్నే రాయమన్నారు! ఆ వరస చూసుకునే ఆవిడ స్వయంగా చేత్తో రాసింది. చివరిదాకా మిగిలింది ఇద్దరమేనట. రెండో వాళ్ళ కథలో ఒక్క తప్పు కూడా లేదట, అయినా ఆఫీసులో అందరూ మళ్ళీ మళ్ళీ అడిగి చదివింది గొడుగు పాప కథేనట. ఆ రెండోవాళ్ళెవరో గానీ పాపం అనిపించింది, ఒక్క క్షణం. తరవాత మా ఆయన భుజం ఎక్కినంత పనిచేశాను.

పేరు వేయరట. వేయకపోతే పోనీ. ఏదో ఇంట్లో ఏదో పిల్ల వింటుంది.

ఇదంతా నీ చలవే. నీ ఆఫీసువాళ్ళకి నా తరఫున టీ ఇప్పించు, అన్నయ్య దగ్గర డబ్బులు తీసుకో.

నీ పంతులమ్మ


వంటింటి బల్ల దగ్గర నుంచి

వదినా,

నీ ఆఫీసుకి పంపిన ఉత్తరం తిరిగొచ్చింది. ఇందులో పెడుతున్నాను. కవరు మీద ఏం రాశారో చూడు. "వీరు ఇక్కడ పని చేయడం లేదు. పాఠ్యపుస్తకాల విభాగం మూసివేయబడినది."

ఎప్పటి నుంచి?

నా గొంతు సంగతి రాబట్టడానికి నా స్నానాలన్నీ లెక్కపెట్టావు. మరి నీ సంగతి? తిరిగొచ్చిన ఉత్తరంలో సంతోషవార్త ఉంది, చదువుకో. నాకిప్పుడు దాన్ని మళ్ళీ రాసే ఓపిక లేదు.

పంతులమ్మ


మా ఇంట్లో, కిటికీ పక్కన

పంతులమ్మకి,

ఈసారి తెల్లకాగితం మీద రాస్తున్నాను. ఆఫీసు మూసేసిన రోజు బల్ల సొరుగులో మిగిలిన కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను, వాటి తల మీద ఆ మూడో అంతస్తు అచ్చయి ఉంది. అబద్ధం నేనాడలేదు, కాగితం ఆడింది అని నాకు నేను చెప్పుకున్నాను. ఇలాంటి వాక్యం వేరేవాళ్ళు రాసి ఉంటే అడ్డంగా కొట్టేసేదాన్ని.

నీ మొదటి ఉత్తరం వచ్చేసరికే మూసేశారు. నీకు సిఫారసు చేయనని గట్టిగా చెప్పాను, కారణమూ నిజమైనదే చెప్పాను. కానీ చేద్దామన్నా చేయడానికి నాకు ఆఫీసే లేదు. నీకు చెప్పిన దారిలోనే నేనూ తిరుగుతున్నాను. అదే పుస్తకాల కొట్లు, అవే సన్నటి అక్షరాలు. నాకూ అచ్చువేసిన చీటీ వచ్చింది. నా భవిష్యత్తు కూడా ఉజ్వలంగానే ఉందట.

మిగతాది కూడా చెప్పేస్తాను, రేపు నీకు వేరేచోట తెలిస్తే బాగుండదు. చివరిదాకా మిగిలిన ఆ రెండో మనిషిని నేనే.

నీ గొంతు సంగతి రాసిన ఉత్తరం వచ్చిన రోజు, నీలం అట్టల వాళ్ళ పరీక్ష కాగితం నా బల్ల మీద కూడా ఉంది. నీ కథ చదివాను. ఎక్కడ ఆగిపోయిందో మొదటి చూపులోనే తెలిసింది, నా పనే అది కదా. తెలిశాక చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు, చెప్పాను. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసిన తరవాత మాత్రం చెయ్యి లోపలికి పెట్టి వెనక్కి తీసుకుందామనిపించింది. ప్రయత్నించాను కూడా. ఆ సందులో చెయ్యి పట్టదు. వెనకాల ఉత్తరం వేయడానికి నిలబడ్డాయన దగ్గాడు.

నా కథ తిప్పి పంపుతూ ఆవిడ ఒక వాక్యం రాసింది. "భాష నిర్దోషంగా ఉంది, పాప మాత్రం ఎక్కడా కనిపించలేదు." ఇన్నేళ్ళూ పిల్లల పుస్తకాలు దిద్దాను, ఒక్క రోజు కూడా పిల్లల మధ్య కూర్చోలేదు. అది నిజమే. నిజమైనా బాధగానే ఉంది, ఉండదని నేను బుకాయించను.

నీ మీద కోపం లేదు. సంతోషం కూడా పూర్తిగా లేదు. సగం ఉంది. మిగతా సగం వస్తోంది, దారిలో ఉంది.

వదిన


వెనక గది నుంచి

మా వదినకి,

నీ ఉత్తరం చదివి, మొదటి నుంచి మళ్ళీ చదివాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే చేతికిచ్చాను. చదివి, తన బస్టాండు గొంతుతోనే, "ఈ ఇంటికి ఇటువంటి వదిన మరొకరు రారు" అన్నాడు. ఆయనకి ఇంతకన్నా బాగా మాట్లాడడం రాదు, నాకసలే రాదు.

నువ్వు ఆ ఉత్తరం వేయకపోయి ఉంటే పని నీదే. నువ్వు వేశావు. నేను ఆ వంక పెట్టి ఈ పని వదులుకోబోవడం లేదు, అలా చేస్తే నువ్వే వచ్చి తంతావు. కానీ మొదటి రెండు రోజులూ కలం పట్టుకోలేకపోయాను.

ఇప్పుడు ఒక కబురు. ఆ నీలం అట్టల ఆవిడ నాకు మళ్ళీ రాసింది. రాసిన ప్రతి పుస్తకాన్నీ అచ్చుకి ముందు ఒక బడికి పట్టుకెళ్ళి, టీచరు చేత చదివించి, పిల్లలు ఎక్కడ నవ్వారో, ఎక్కడ పెచ్చులు గీకారో రాసిచ్చే మనిషి కావాలట. భాష తెలిసినవాళ్ళు దొరుకుతున్నారు గానీ వెనక బెంచీలో కూర్చోమంటే నామోషీ పడుతున్నారట. ఎవరైనా తెలుసా అని అడిగింది.

తెలుసు అని చెప్పలేదు. మర్యాదకి పిలిచి, మర్యాదగా మళ్ళీ పిలవని పని నీకెందుకు? చిరునామా కింద రాశాను. ఒక్క పేజీ చాలు. పిల్లల మధ్య ఎప్పుడూ కూర్చోలేదనే రాయి, అబద్ధం వద్దు.

నెలాఖరుకి నా గుసగుస వినపడేంత దగ్గరికి అన్నయ్య వస్తున్నాడట. ఈసారి ఆపకు.

నీ ఆడపడుచు


ఒక బడి, రెండో తరగతి, వెనక బెంచీ నుంచి

పంతులమ్మకి,

ఆ ఒక్క పేజీ నాలుగుసార్లు రాశాను. మూడుసార్లు చాలా బాగా వచ్చింది, అందుకే చింపేశాను. నాలుగోది పంపితే రమ్మన్నారు.

మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఈ బెంచీలు ఏడేళ్ళవాళ్ళకి చేసినవని ఇన్నేళ్ళుగా తెలుసు, ఇప్పుడు కాళ్ళకి తెలిసింది. పక్కన కూర్చున్న పిల్ల నా ఎర్రసిరా కలం అడిగి తీసుకుంది, ఇంకా ఇవ్వలేదు. అందుకే ఇది పెన్సిలుతో రాస్తున్నాను.

ఈ రోజు నీ గొడుగు చదివించాను, అట్టతో సహా కుట్టి ఇచ్చిన నమూనా ప్రతి. టీచరు కొత్త అమ్మాయి, గొంతు సన్నం, కథ చెప్పడం రాదు, తల దించుకుని చదువుకుంటూ పోయింది. పాప తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు చిన్నది, గొడుగు పెద్దది. నువ్వక్కడ ఏమీ అడగలేదు, కొట్టేశావు. టీచరు పేజీ తిప్పబోయింది.

"ఆగండి టీచర్!" అని ముందు బెంచీలో ఒకడు లేచాడు. "కిటికీలోంచి!" అని ఇంకొకతె. "తలుపు పీకెయ్యాలి!" అని నా కలం దొంగ. తరగతంతా లేచింది. ఆ అమ్మాయి బిత్తరపోయి నా వంక చూసింది. ఎక్కడ నవ్వారో రాసుకోవాల్సిన మనిషిని నేను, ఒక్క ముక్క రాసుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. నువ్వు అడగకుండానే జవాబు చెబుతున్నారే తల్లీ, నీ మొహం చూడకుండా, నీ గొంతు ఎలా ఉంటుందో తెలియకుండా.

దారిలో ఉందన్న ఆ మిగతా సగం సంతోషం అప్పుడు వచ్చింది. పూర్తిగా వచ్చింది.

అయిపోయాక నా పక్కపిల్ల, "ఈ కథ ఎవరు చెప్పారు టీచర్?" అని అడిగింది. టీచరు అట్ట చూసింది, వెనక్కి తిప్పింది, లోపల సన్నటి అక్షరాలు వెతికింది. పేరు లేదు. "ఎవరో చెప్పారమ్మా" అంది.

నేను లేచి నిలబడ్డాను. నిలబడితే బెంచీ కూడా నాతోపాటు లేచింది. "మా ఆడపడుచు చెప్పింది" అన్నాను, తరగతంతా వినపడేలా.

"ఆవిడ ఎప్పుడొస్తారు?" అని అడుగుతున్నారు. వచ్చే వారం వస్తుందని చెప్పేశాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఇక్కడ నా పక్కన చోటుంది, వచ్చి కూర్చో.

వదిన